రెండో మాట

రైలు గేటు తీసేసి దాని మీద వంతెన కడతారని తెలిసిన రోజు ఆ వీధిలో సంతోషించని మనిషి లేడు. గేటు దగ్గర నిలబడి నిలబడి కాళ్ళు పీకిపోయిన జనం మరి. వంతెన లేచేదాకా ఆ బళ్ళన్నీ ఎటు పోతాయన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టలేదు. పెద్ద రోడ్డుకు అడ్డంగా నీలం రేకులు పాతి, వీధి మొదట్లో బాణం గుర్తు బోర్డు నిలబెట్టిన పొద్దున గానీ, అవి తమ గడపల ముందు నుంచే పోతాయని తెలిసిరాలేదు. అప్పటికి మొరపెట్టుకుందామంటే వినేవాడు లేడు. బోర్డు పాతడానికి వచ్చినవాళ్ళు బోర్డు పాతి వెళ్ళిపోయారు.

ఎదురెదురుగా రెండు సైకిళ్ళు వస్తే ఒకరినొకరు పలకరించుకుని, ఒకరు దిగి దారిచ్చే వీధి అది. ఇప్పుడు అందులో లారీలు, బస్సులు. ఒకవైపు బళ్ళు పోతుంటే రెండోవైపువి ఆగాలి. అందుకని వీధికి అటొకణ్ణి, ఇటొకణ్ణి ఎర్రగుడ్డ, పచ్చగుడ్డ చేతికిచ్చి నిలబెట్టారు. ఇటువైపు వాడికి వీధివాళ్ళు జెండా అని పేరు పెట్టేశారు. సన్నగా, ఎప్పుడూ ఎండకు కళ్ళు చికిలిస్తూ ఉండేవాడు. వాళ్ళిద్దరి మధ్య లెక్క తప్పిందంటే రెండు వరసలూ వీధి నడుమ ముక్కుకు ముక్కు ఆనించుకుని నిలబడేవి. అప్పుడు ఎవరో ఒకరు వెనక్కి పోయి ఒదగాలి. ఒదగడానికి వీధి మొత్తానికీ ఉన్న ఖాళీ జాగా పంక్చరు బాబాయ్ కొట్టు ముందే. ఆ కొట్టు పక్క ఇల్లు కుట్టు అక్కది.

కుట్టు అక్క మిషను ముందుగదిలో ఉంటుంది. మిషనుకూ కిటికీకీ మధ్య మంచం. మంచం మీద దిండ్లకు చేరగిలబడి ఆమె భర్త. అందరికీ ఆయన కండక్టరు గారే. పక్షవాతం వచ్చి కుడి చేతినీ, కుడి కాలినీ పడేసి, పోతూ పోతూ మాటల మూట కూడా ఎత్తుకుపోయింది. ఒక్క మాట మాత్రం మూటలోంచి జారిపడింది. అది "రైట్".

ఆకలేస్తే రైట్. దిండు సరిచెయ్యమంటే రైట్. కోపం వస్తే రైట్. బతుకంతా బస్సు తలుపు పట్టుకుని వేలాడుతూ అన్న మాట కదా, నాలుక మీద అచ్చు పడిపోయిందేమో. సాగదీసి అంటే మంచినీళ్ళు, తుంచి అంటే వద్దు, గబగబా రెండుసార్లంటే ఎవరో వచ్చారు. ఇది కుట్టు అక్క సొంతంగా తయారు చేసుకున్న నిఘంటువు. ఇందులో తప్పులు లేకపోలేదు. నీళ్ళు తెచ్చి ఇస్తే గ్లాసు తోసేసి, తనమాట తనకే అందనట్టు గోడవైపు తిరిగి పడుకున్న రోజులున్నాయి. అలాంటప్పుడు ఆమె వంటింట్లోకి పోయి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ మిషను తొక్కేది.

పట్టాలకు అటువైపున్న ఆసుపత్రి నుంచి మాటల టీచరు స్కూటరు మీద వచ్చేది. పసిపిల్లలకు చూపించినట్టు దువ్వెన, తాళంచెవి, గరిటె చూపించి పేర్లు అడిగేది. అన్నిటికీ ఆయన రైట్ అనేవాడు. ఆ అమ్మాయికి విసుగన్నది తెలియదు. మాట లోపల ఉందక్కా, బయటికొచ్చే దారే తెగింది అని చెప్పేది. ఉన్న ఒక్క మాటనీ ఎండిపోనివ్వకండి, అననివ్వండి, ఎంత అంటే అంత మంచిది. దానికి తోడుగా రెండోది వచ్చిందా, వాటి వెనక మిగతావి నడిచొస్తాయి. ఆలస్యమయ్యేకొద్దీ మాత్రం రావడం కష్టం.

గేటు మూశాక ఆ అమ్మాయి చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. మొదట ఆలస్యంగా వచ్చింది, తర్వాత ఒకసారి మానేసింది, ఆ తర్వాత ఫోను చేసింది. దారిలోనే పూట గడిచిపోతోందనీ, మిగతా రోగులు కాచుకుని కూర్చుంటున్నారనీ, దారి కాస్త కుదుటపడ్డాక తప్పకుండా వస్తాననీ చెప్పింది. కుట్టు అక్క సరేనంది. సరేననక చేసేదేముంది?

బట్టలు కుట్టేవాళ్ళకు దుమ్ము పగవాడి లెక్క. స్కూలు చొక్కాల తెల్లగుడ్డ కత్తిరించి పక్కన పెట్టి, బాబిన్‌కు దారం చుట్టేలోగా దాని మీద బూడిదరంగు పొర. ఆమె మిషను తుడిచి, చేతులు తుడుచుకుని, గుడ్డ విదిలించి, అప్పుడు సూది కింద పెట్టేది. కిటికీ మూసేస్తే సగం బాధ తీరును. మూసేద్దామనే లేచింది కూడా.

అదే పొద్దున ఒక బస్సూ ఇసుక లారీ ఎదురుపడ్డాయి. లారీ ఎలాగో పంక్చరు కొట్టు ముందుకు ఒదిగింది. బస్సు కుట్టు అక్క ఇంటి గోడకూ లారీకీ మధ్య నుంచి పోవాలి. డ్రైవరు అద్దంలో చూసుకుంటాడు, తల బయటపెట్టి చూస్తాడు, ధైర్యం చాలదు. వెనక హారన్లు చెవులు చిల్లులు పొడుస్తున్నాయి. అప్పుడు కిటికీలోంచి వినిపించింది: "రైట్... రైట్... రైట్..."

మంచినీళ్ళ రైట్ కాదు, కోపం రైట్ కాదు. బస్సు అంచునూ గోడనూ చూసి, కొలిచి అన్న రైట్. డ్రైవర్లకు ఆ మాట చెవిన పడితే కాలు దానంతటదే కదులుతుంది. బస్సు గోడ సున్నం రాలకుండా దాటిపోయింది. పోతూ డ్రైవరు చెయ్యి ఎత్తాడు. కండక్టరు ఎడమ చెయ్యి ఎత్తాడు. కిటికీ రెక్క పట్టుకుని నిలబడ్డ కుట్టు అక్క దాన్ని మూయలేదు.

ఆ రోజు నుంచి తెల్లారగానే ఆయన్ని లేపి కూర్చోబెట్టాలి. గడ్డం గీయమని చెంప చూపించేవాడు. దిండ్లు వెనక్కి జరిగిపోయినా నడుము నిలబెట్టుకుని కిటికీ ఊచ పట్టుకునేవాడు. రోజూ వచ్చే డ్రైవర్లు కిటికీ దగ్గర వేగం తగ్గించి, ఏమంటారు గురువు గారూ అన్నట్టు చూసేవారు. జెండా ఒకసారి మంచినీళ్ళకు వచ్చి, "అన్నకి ఇంకో మాట గానీ వచ్చిందంటే నా ఉద్యోగం గోవిందా" అన్నాడు. పంక్చరు బాబాయ్ సంగతి చెప్పనక్కర్లేదు. పనివాళ్ళ లారీల నుంచి రాలిపడే మేకులూ ఇనపతీగ ముక్కలూ టైర్లలో దిగి, ఎన్నడూ లేనన్ని బళ్ళు ఆయన కొట్టు ముందు వాలుతున్నాయి. వీధి అంతా తిట్టుకుంటున్న రోడ్డు తనకు అన్నం పెడుతోందని చెప్పుకోవడానికి ఆయనకు మొహమాటంగా ఉండేది. కుట్టు అక్కకూ అంతే. ఎదురింటి పాప దగ్గుతూ ఉంటే, తల్లులు బళ్ళకు అడ్డంపడి పిల్లల్ని దాటిస్తూ ఉంటే, తన ఇంట్లో మాత్రం ఈ బళ్ళ వల్లే ఒక మనిషి లేచి కూర్చుంటున్నాడు. ఆమె సంతోషపడేది, సంతోషపడినందుకు సిగ్గుపడేది.

గురువారం పొద్దున కట్టుబడి ఎంతవరకు వచ్చిందో చూడడానికి పై ఆఫీసరు వస్తున్నాడని కబురు. పనులు చూసే సూపర్‌వైజరు, వీధివాళ్ళు పసుపుటోపీ అనే ఆయన, జెండాను పిలిచి పెద్ద రోడ్డు మీద ఆఫీసరు కారుకు దారి చెయ్యమని పంపేశాడు. వీధి మొదట్లో ఎర్రగుడ్డా లేదు, పచ్చగుడ్డా లేదు. రెండువైపుల నుంచీ బళ్ళు దూరాయి. కాంక్రీటు తిప్పుకుంటూ వచ్చిన కంపెనీ లారీకి ఎదురుగా కూరగాయల వ్యాను, వ్యాను వెనక తోకలా ఇంకెన్నో. లారీయే వెనక్కి పోవాలి.

కుట్టు అక్క ఒక చొక్కా కాలరు పట్టీ సరిచేస్తోంది. గుండుసూదులు పెదవుల మధ్య కరిచిపెట్టుకుని, ఒక్కొక్కటే తీసి గుడ్డకు గుచ్చుతోంది. కిటికీ దగ్గర కండక్టరు మామూలుగా రైట్, రైట్ అంటున్నాడు. హారన్ల మోతలో ఆమె అంతగా పట్టించుకోలేదు. ఉన్నట్టుండి ఆ వరసలో ఏదో తేడా వినిపించింది.

"రా... రా... రానీ."

ఆమె చేతులు ఆగిపోయాయి. సూదులు అరచేతిలోకి ఉమ్మేసింది. అందులో ఒకటి పెదవిని గీరినా తెలియలేదు.

"ఏమన్నారు? ఏమండీ, ఏమన్నారు? మళ్ళీ అనండి."

ఆయన తల తిప్పి చూశాడు. తనకే నమ్మకం కలగనట్టు సగం మొహంతో నవ్వాడు. బయట లారీ డ్రైవరు కిటికీ వైపే చూస్తున్నాడు, ఇంజను గుర్రుమంటోంది.

"అనండి, గట్టిగా అనండి," అంటూ ఆమె చంటిపిల్లాడు అడుగేసినప్పుడు కొట్టినట్టు చప్పట్లు కొట్టింది.

"రానీ," అన్నాడు ఆయన. "రానీ... రానీ... రానీ..."

గొంతు గదిలోంచి వీధిలోకి పోయింది. ఆ గొంతు ఆమె పెళ్ళయిన కొత్తలో బస్సుస్టాండులో విన్న గొంతు. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. టీచరుకు ఫోను చెయ్యాలి, ఇప్పుడే చెయ్యాలి అనుకుంటూ అటూ ఇటూ ఫోను కోసం వెతుక్కుంటోంది. ఇంతలో బయట రేకు తొట్టి నలిగిన చప్పుడు వినిపించింది. దాని వెంటే ఒక కేక.

ట్యూబులో చిల్లి ఎక్కడుందో చూద్దామని బాబాయ్ నీళ్ళ తొట్టి మీదికి వంగి, బుడగల కోసం చూస్తున్నాడు. వీపు వీధివైపు. కిటికీలోంచి చూస్తే లారీ ముందు సగం కనిపిస్తుంది గానీ వెనక సగం కనిపించదు. చక్రం తొట్టి మీదికీ ఆయన పాదం మీదికీ ఎక్కింది.

బళ్ళు కదలవు కనక బాబాయ్‌ని బండిలో ఎక్కించడానికి లేదు. నలుగురూ చేతుల మీద ఎత్తుకుని, బళ్ళ మధ్య పక్కకు తిరిగి తిరిగి, పెద్ద రోడ్డు దాకా మోసుకుపోయారు. లారీ డ్రైవరు మీసాలు సరిగ్గా మొలవని వయసువాడు, మెట్టు మీద కూలబడి అడిగినవాడికీ అడగనివాడికీ ఒకటే చెప్పాడు. "కిటికీలోంచి రానీ రానీ అన్నారు. అంటేనే వచ్చాను."

మధ్యాహ్నం దాటాక పసుపుటోపీ ఇంటికొచ్చాడు. అరవలేదు, కరవలేదు. ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పాపం ముసలాయన పాదం ఎముకలు విరిగాయనీ, కేసంటూ అయితే అందరినీ పిలుస్తారనీ, మంచంలో ఉన్న మనిషిని స్టేషనుకు మోసుకుపోవడం ఎవరికీ ఇష్టం ఉండదనీ మెత్తగా చెప్పుకొచ్చాడు. కుట్టు అక్క నిలబడే ఉంది.

"డ్రైవరు రానీ రానీ అని విన్నానంటున్నాడమ్మా. మీవారు అన్నారా లేదా, అది చెప్పండి చాలు."

చెప్పొచ్చు. అవునండీ, అన్నారు, ఇన్నాళ్ళకు అన్నారు, అనమని నేనే చప్పట్లు కొట్టాను అని చెప్పొచ్చు. ఆమె మంచం వైపు చూసింది. ఆయన ఆమెనే చూస్తున్నాడు.

"ఆయనకి రైట్ తప్ప ఇంకో మాట రాదండీ," అంది.

పసుపుటోపీ ఆయనవైపు తిరిగాడు. "ఏమండీ, బండిని వెనక్కి రమ్మన్నది మీరేనా?"

"రైట్," అన్నాడు కండక్టరు.

"చూశారా, ఒప్పుకుంటున్నారు."

"ఏమడిగినా అదే అంటారు బాబూ. మీ జెండా మనిషిని అక్కణ్ణుంచి పంపేసింది ఈమేనా అని నన్ను చూపించి అడగండి. మిమ్మల్ని చూపించి కూడా అడగండి. దేనికైనా రైటే అంటారు."

పసుపుటోపీ చిన్నగా నవ్వాడు గానీ అడగలేదు. టోపీ పెట్టుకుని లేచాడు. పోనీలెండి, ఎవరి తప్పయితే ఏం, ఇకముందు ఇలాంటిది జరక్కూడదు, మా మనుషుల్ని పంపిస్తాను అన్నాడు. సాయంత్రం అవకముందే ఇద్దరు మనుషులు వచ్చి, రోడ్డుకు అడ్డంగా పాతిన నీలం రేకుల్లాంటిదే ఒకటి తెచ్చి, బయటి నుంచి కిటికీకి మేకులు దిగ్గొట్టారు. "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని అచ్చువేసిన రేకు అది. కిటికీ కొలతకు కోస్తే "చింతి" దాకా మిగిలింది.

వీధివాళ్ళు అడ్డుచెప్పలేదు. జబ్బుమనిషి కదా, లోపలుంటేనే ఆయనకీ మంచిది, దుమ్ము కూడా రాదు అన్నారు. అన్నవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. కుట్టు అక్క జెండా దగ్గరికి వెళ్ళి, ఆ పూట నిన్ను ఎక్కడికి పంపారో నలుగురిలో చెప్పమని అడిగింది. వాడు పచ్చగుడ్డ చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు. "చెప్తే రేపు ఇక్కడ ఇంకొకడు నిలబడతాడక్కా," అన్నాడు చివరికి. వాణ్ణి తిట్టడానికి ఆమెకు నోరు రాలేదు.

కట్టు కట్టించుకుని బాబాయ్ కొట్టు వెనకే ఉన్న తన ఇంటికొచ్చాడని తెలిసి మర్నాడు పొద్దున్నే చూడబోయింది. కాలు తలగడ మీద పెట్టుకుని పడుకున్న ముసలాయన ఆమెను చూడగానే తనే ఓదార్చడం మొదలుపెట్టాడు.

"నువ్వేం దిగులు పడకమ్మాయ్. అందరికీ నేనే చెప్పాను. కండక్టరుకి వచ్చింది ఒక్కటే మాట, రానీ అనడం వాడి తరం కాదు, ఆ కుర్రవెధవ అబద్ధమాడుతున్నాడని. వాణ్ణి పనిలోంచి తీసేశారట. మంచిపని చేశారు."

కుట్టు అక్క ఆయన దుప్పటి అంచు సరిచేసింది. సరిగా ఉన్నదాన్నే మళ్ళీ సరిచేసింది. నిజం నోటి దాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది. చెబితే ఈ ముసలాయనకు తన భర్త మీద కోపం వస్తుందని భయం కాదు. కోపం రాదేమో, పోనీలే అంటాడేమో అని భయం. వస్తానని చెప్పి లేచింది. ఆ కుర్రాడి మొహం ఇంట్లోకి వచ్చేదాకా ఆమె కళ్ళముందే ఉంది.

అసలు కష్టం ఇంట్లో మొదలైంది. రేకు వెలుతురును ఆపింది గానీ చప్పుడును ఆపలేదు. బండి ఇంజను గుర్రుమన్నప్పుడల్లా ఆయన దిండ్ల మీద నుంచి లేవబోయేవాడు. కొత్త మాట, పదునైన మాట, నోట్లో నిలవదు. "రానీ... రానీ..." పక్కగోడ అవతల బాబాయ్. వాకిట్లో బట్టలకు కొలతలిచ్చేవాళ్ళు. బయట పసుపుటోపీ మనుషులు. ఎవరి చెవిన పడినా తను ఆడిన అబద్ధం బట్టబయలు, కేసు మళ్ళీ గడపలోకి. నోట్లో గుండుసూదులు ఉండగా మాట్లాడడానికి వీల్లేదు కనక ఆమె చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుని ఆయనకు చూపించేది. మొదట్లో ఆయన ఇదేదో ఆట అనుకుని నవ్వాడు. నవ్వి మరింత గట్టిగా అన్నాడు. ఆమె లేచి వచ్చి, మెత్తగానే, అరచేత్తో ఆయన నోరు మూసింది. మూసిన చెయ్యి కింద పెదవులు కదులుతూనే ఉన్నాయి.

ఎన్ని మొక్కులు మొక్కుకున్న మాట! దువ్వెనలూ తాళంచెవులూ చూపించి చూపించి అలిసిపోయినా రాని మాట. వచ్చింది, వచ్చినదాన్ని తన చేత్తోనే లోపలికి నెడుతోంది. నా అంత పాపిష్టిది ఉంటుందా అనుకునేది. అనుకుంటూనే మళ్ళీ వేలు పెట్టుకునేది. ఆయన నవ్వడం మానేశాడు. ఇంజను చప్పుడుకు ముందు ఆమె మొహం చూసేవాడు, వేలు ఎక్కడుందో చూసుకునేవాడు. తర్వాత గొంతు తగ్గించాడు. ఆ తర్వాత పెదవులు మాత్రమే కదిలేవి. ఆదివారం ఆయనకు దాహం వేస్తే గ్లాసు వైపు వేలు చూపించాడు. సాగదీసిన రైట్ కోసం ఆమె కాసేపు ఆగింది. రాలేదు. నీళ్ళు ఇచ్చింది.

మర్నాడు పనులు లేవు కాబోలు, బయట కాస్త నెమ్మదిగా ఉంది. తలుపు చప్పుడైతే చొక్కాల కోసం వచ్చారనుకుని తీసింది. గడపలో మాటల టీచరు. స్కూటరు లేదు. చెప్పులు చేత్తో పట్టుకుంది, మోకాళ్ళ దాకా బురద. రేకుల మధ్య సందు ఉందని ఎవరో చెబితే, పట్టాలు దాటి, తవ్విన గుంటల పక్క నుంచి నడిచి వచ్చేసిందట. ఇన్నాళ్ళూ బుద్ధి లేకపోయింది, ఇకనుంచి ఇలాగే వస్తానక్కా అంది. కుట్టు అక్కకు ఆ బురదకాళ్ళు చూస్తే ఏడుపొచ్చింది. పెరట్లోకి తీసుకెళ్ళి నీళ్ళు పోసింది. అక్కడ, నీళ్ళ చప్పుడులో, జరిగినదంతా చెప్పలేక ఒక్క సంగతే గొణిగింది.

"రెండో మాట వచ్చిందమ్మా. రానీ అన్నారు. స్పష్టంగా అన్నారు."

టీచరు కాళ్ళు తుడుచుకోకుండానే లోపలికి పరుగెత్తింది. మంచం అంచున కూర్చుని ఆయన ఎడమచెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. కండక్టరు ఆ అమ్మాయిని గుర్తుపట్టాడు, కళ్ళు మెరిశాయి. చీకటిగా ఉందేమిటని ఆమె కిటికీ వైపు చూసి, మళ్ళీ ఆయనవైపు తిరిగింది.

"ఏదీ, మాస్టారూ, నాకు వినిపించండి. రానీ... అనండి. రా... నీ..."

ఆయన పెదవులు విడివడ్డాయి. కుట్టు అక్క తలుపు గడియ వేసి వచ్చి, "అనండి, ఫర్వాలేదు, ఎవరూ లేరు. గట్టిగా అనండి," అంది. ఆయన ఆమె మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు, పాఠం అప్పజెప్పబోయే పిల్లాడిలా. తర్వాత టీచరు చేతుల్లోంచి తన చెయ్యి మెల్లగా విడిపించుకుని, పైకెత్తి, చూపుడువేలు తన పెదవుల మీద పెట్టుకున్నాడు.

టీచరు మొహం విచ్చుకుంది. "అక్కా, చూశారా! సైగ చేస్తున్నారు. అర్థం తెలిసి చేస్తున్నారు. నేను లేకుండానే ఎంత నేర్పేశారు మీరు!"

కుట్టు అక్క గోడకు ఆనుకుంది. టీచరు ఉత్సాహంగా ముందుకు వంగి, ఇంకోసారి చేసి చూపించమని ఆయన్ని అడిగింది. ఆయన మళ్ళీ చేశాడు.